గుర్రాల చట్టం, వంటింటి ఉట్టి

మా అమ్మమ్మగారి వంటింట్లో దూలానికి ఒక ఉట్టి వేలాడుతుండేది. అందులో ఒకదాని మీద ఒకటి రెండు కుండలు. కింది కుండలో పెరుగు, పైదాంట్లో వెన్న. వేసవి సెలవులకి వెళ్ళిన పిల్లలం ఏడెనిమిది మందిమి ఉండేవాళ్ళం. మా అందరి చూపూ ఆ పై కుండ మీదే.

వెన్న జోలికి మేం పోకుండా అమ్మమ్మ రకరకాలుగా చెప్పి చూసేది. "ముట్టుకున్నారో, తాతయ్యతో చెప్తా" అనేది. అంటే శాసనం అన్నమాట. తప్పు చేస్తే శిక్ష. "పక్కింటి పిల్లల్ని చూడండి, అడక్కుండా ఏదీ ముట్టుకోరు" అనేది. అది మర్యాద. నలుగురిలో నామోషీ. "ఇవాళ వెన్న తిన్నవాడికి రేపు ముద్దపప్పులోకి నెయ్యి లేదు" అనేది. అది ధర. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

ఈ మూడిట్లో ఏదీ మా మీద పనిచెయ్యలేదు. పనిచేసింది ఉట్టి. అది ఎవరినీ తిట్టదు, బెదిరించదు, బతిమాలదు. అందదు. అంతే.

ఈ ఉట్టిని కాస్త గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఇంటర్నెట్ గురించి. ఇంటర్నెట్‌కీ చట్టానికీ సమాజానికీ ఉన్న సంబంధాన్ని విశ్వవిద్యాలయాల్లో పెద్దవాళ్ళు చదవడం ఎలా మొదలైంది, మొదట్లోనే ఎలా కొట్టుకున్నారు అన్నది విషయం. చివరికి వాళ్ళు పట్టుకున్నది కూడా ఒక ఉట్టినే. కాకపోతే కథ గుర్రాల దగ్గర మొదలవుతుంది.

1996వ సంవత్సరం. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం. సైబర్‌స్పేస్ చట్టం అనే కొత్త అంశం మీద ఒక సదస్సు పెట్టారు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే లాయర్లలోనే చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందీ మహా ఉత్సాహంగా వచ్చి కూర్చున్నారు. అక్కడ మాట్లాడిన వక్తల్లో ఒకరు ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్. అప్పీళ్ళ కోర్టు జడ్జి. పదునైన మనిషి. ఆయన ఆ ఉత్సాహం మీద చన్నీళ్ళు కుమ్మరించాడు.

ఆయన అన్నదాని సారం ఇది. అదే చికాగోలో లా కాలేజీకి పూర్వం డీన్‌గా చేసిన గెర్హార్డ్ కాస్పర్, తమ కాలేజీలో గుర్రాల చట్టం అనే పాఠం లేదని గర్వంగా చెప్పుకునేవాడట. గుర్రాల అమ్మకాల మీద కోర్టు తీర్పులున్నాయి. గుర్రం తన్నిన కేసులున్నాయి. పందేల లైసెన్సులున్నాయి, పశువైద్యుడి నిర్లక్ష్యం మీద దావాలున్నాయి. అన్నీ ఒకచోట పోగేసి, ఇదిగో గుర్రాల చట్టం అంటే అది చదువవుతుందా? సైబర్‌స్పేస్ చట్టం కూడా అంతే. ఒప్పందాల చట్టం చదవండి. ఆస్తి చట్టం చదవండి. నష్టపరిహారం చట్టం చదవండి. అవి బాగా వస్తే కంప్యూటర్ సంగతి అదే తేలుతుంది. ఇదీ ఆయన వాదం.

మనకి గుర్రాలకన్నా గేదెలు బాగా తెలుసు కాబట్టి గేదెల్లో చెప్తాను. సంతలో గేదెని కొన్నారు. పూటకి నాలుగు లీటర్లు ఇస్తుందన్నాడు అమ్మినవాడు. ఇంటికి తెస్తే లీటరు కూడా ఇవ్వలేదు. అది ఒప్పందం గొడవ. ఆ గేదె తాడు తెంపుకుని పక్కవాళ్ళ చేలో పడి మేసింది. వాళ్ళు తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టించారు. అది నష్టపరిహారం గొడవ. రాత్రికి రాత్రి ఎవడో తోలుకుపోయాడు. అది దొంగతనం. మూడిట్లోనూ గేదె ఉంది. అలాగని గేదెల చట్టం అని ఒక పుస్తకం రాస్తామా? రాయం.

ఒప్పుకోవాలి, ఇది గట్టి వాదన. నాకైతే ఇప్పటికీ ఇందులో సగం నిజం కనిపిస్తుంది. మన దేశం సంగతే చూడండి. మన ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం 2000 సంవత్సరంలో వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 17న అమల్లోకొచ్చింది. కొత్త చట్టమే. కానీ అది చేసిన పనుల్లో పెద్దది ఏమిటి? పాత చట్టాలకి మాటలు వేసి కుట్టడం. 1860 నాటి శిక్షాస్మృతికి ఒక అతుకు. 1872 నాటి సాక్ష్యాల చట్టానికి ఒక అతుకు. రిజర్వు బ్యాంకు చట్టానికి ఇంకో అతుకు. కాగితం అన్నచోట కంప్యూటర్ రికార్డు కూడా అని చేర్చారు. అదే 1872లో వచ్చిన కాంట్రాక్ట్ చట్టం తీసి చూస్తే, ఉదాహరణల్లో టెలిగ్రాం ఇచ్చి బేరం రద్దు చేసుకున్న మనిషి కనిపిస్తాడు. టెలిగ్రాం కోసం ఎవరూ వేరే కాలేజీ పెట్టలేదు కదా. జడ్జిగారు అన్నది అదే.

సగం నిజం అన్నాను. మిగతా సగం సంగతికి వస్తాను. దానికి ముందు, అదే ఏడాది, దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడ్డ మనిషిని ఒకరిని మీకు పరిచయం చెయ్యాలి.

ఆయన పేరు జాన్ పెరీ బార్లో. వయోమింగ్ రాష్ట్రంలో పశువుల్ని పెంచినవాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ సంగీత బృందానికి పాటలు రాసినవాడు. పశువులూ పాటలూ చాలవన్నట్టు 1990లో ఇద్దరు మిత్రులతో కలిసి, కంప్యూటర్ ప్రపంచంలో పౌరహక్కుల కోసం ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టాడు. 1996 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు క్లింటన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. పిల్లలకి అందేలా ఇంటర్నెట్‌లో అసభ్యమైనవి పెడితే నేరం అనే నిబంధన అందులో ఉంది. బార్లో ఆ రోజు స్విట్జర్లాండ్‌లో దావోస్‌లో ఉన్నాడు. మండిపడ్డాడు. ఆ కోపంలోనే సైబర్‌స్పేస్ స్వాతంత్ర్య ప్రకటన అని ఒకటి రాసి లోకం మీదికి వదిలాడు. ప్రభుత్వాలకి మా లోకంలో పని లేదు, మా కట్టుబాట్లు మేం చూసుకుంటాం, మా జోలికి రాకండి. ఇదీ దాని ధోరణి.

అదే ఏడు డేవిడ్ జాన్సన్, డేవిడ్ పోస్ట్ అనే ఇద్దరు లాయర్లు స్టాన్‌ఫర్డ్ లా రివ్యూలో ఇదే మాటని శాస్త్రీయంగా, కొంచెం నెమ్మదిగా చెప్పారు. చట్టానికి సరిహద్దు కావాలి. నెట్‌కి సరిహద్దు లేదు. కాబట్టి దాన్ని వేరే చోటుగా చూడాలి, అక్కడి చట్టం అక్కడే పుట్టాలి అన్నారు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ స్వతంత్ర లోకంలోకి వెళ్ళడానికి అప్పట్లో దారి ఏది? టెలిఫోన్ లైను. ఆ లైను ఒక కంపెనీది. ఆ కంపెనీకి లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వం. మన దగ్గరా అంతే. 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది విదేశ్ సంచార్ నిగమ్, అంటే సర్కారు సంస్థే. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందిట. బార్లోగారి ప్రకటన చదివినప్పుడల్లా నాకు ఈ సామెతే గుర్తొస్తుంది. అయినా ఆ మనిషి మీద గౌరవం మాత్రం తగ్గదు.

ఇప్పుడు చూడండి. ఒక పక్క జడ్జిగారు. ఇందులో కొత్తేమీ లేదు, పాత చట్టం చాలు అంటున్నాడు. ఇంకో పక్క బార్లో. ఇదంతా కొత్తే, ఏ చట్టమూ వద్దు అంటున్నాడు. ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. కానీ ఇద్దరూ ఒక్క దగ్గర కలిశారు. ఇద్దరూ ఉట్టిని చూడలేదు.

ఉట్టిని చూసినవాళ్ళు కొందరున్నారు. ఎంఐటీలో వాస్తుశిల్పం చెప్పిన విలియం మిచెల్ ఒకరు. ఫోర్డమ్‌లో న్యాయశాస్త్రం చెప్పిన జోయెల్ రైడెన్‌బర్గ్ ఒకరు. పూర్వం ఐరోపాలో వర్తకులు తమలో తాము ఒక ఆచారం పెట్టుకుని దాన్నే చట్టంలా నడుపుకున్నారు. అలాగే నెట్‌లో యంత్రాల అమరికే చట్టంలా నడుస్తుంది అని రైడెన్‌బర్గ్ 1998లో రాశాడు. అయితే ఈ మాటని అందరి నోళ్ళలో పడేలా చెప్పినవాడు లారెన్స్ లెసిగ్. ఆయన చికాగోలోనే పాఠాలు చెప్పేవాడు. 1997లో హార్వర్డ్‌కి మారాడు.

హార్వర్డ్‌లో అప్పటికే చార్లెస్ నెసన్ అనే పెద్ద ప్రొఫెసరూ, జోనథన్ జిట్రెయిన్ అనే కుర్ర లాయరూ కలిసి, 1996లో ఒక చిన్న కేంద్రం మొదలుపెట్టి ఉన్నారు. 1997లో బర్క్‌మన్ కుటుంబం విరాళం ఇచ్చింది. ఆ కేంద్రం బర్క్‌మన్ సెంటర్ అయింది. పూర్తి పేరు గమనించండి. ఇంటర్నెట్ అండ్ సొసైటీ. చట్టం అనే మాట అందులో లేదు. సమాజం అనే మాట ఉంది. లా కాలేజీ పెట్టిన కేంద్రానికి ఆ పేరేమిటి? లాయరు ఒక్కడివల్ల అయ్యే పని కాదని వాళ్ళకి అప్పుడే అర్థమైందని నా ఊహ. కంప్యూటర్ తెలిసినవాడు కావాలి. జనం తీరు తెలిసినవాడు కావాలి. డబ్బు లెక్క తెలిసినవాడూ కావాలి.

ఇక లెసిగ్ చూసినది ఏమిటో చెప్తాను. చికాగో విశ్వవిద్యాలయంలో గోడలకి నెట్‌వర్కు సాకెట్లు ఉండేవి. ఎవరైనా సరే, కంప్యూటర్ తీసుకెళ్ళి గోడకి తగిలిస్తే చాలు, నెట్ వచ్చేది. పేరు అడిగేది కాదు. ఊరు అడిగేది కాదు. హార్వర్డ్‌కి వచ్చి చూస్తే అక్కడా గోడలు, అక్కడా సాకెట్లు. కానీ ముందు మీ కంప్యూటర్‌ని నమోదు చేసుకోవాలి. షరతులకి ఒప్పుకోవాలి. ఎవరు ఏం చేస్తున్నారో కావాలంటే పట్టుకోవచ్చు.

ఒకే దేశం. ఒకే రాజ్యాంగం. ఒకే చట్టం. కానీ ఒకచోట ముసుగు వేసుకుని మాట్లాడొచ్చు, ఇంకోచోట కుదరదు. తేడా ఎక్కడుంది? తీగలు కలిపిన తీరులో ఉంది. ఆ తీరు ఆకాశం నుంచి ఊడిపడలేదు. చికాగోలో అలా వదిలెయ్యాలని నిర్ణయించింది జెఫ్రీ స్టోన్ అనే పెద్దాయన. ఆయన వాక్‌స్వాతంత్ర్యం మీద పండితుడు. హార్వర్డ్‌లో ఇంకెవరో ఇంకోలా నిర్ణయించారు. ఒకే ఉట్టిని రెండిళ్ళలో రెండు ఎత్తుల్లో కట్టినట్టు.

ఇంకో ఉదాహరణ. ఆ రోజుల్లో అమెరికాలో ఏఓఎల్ అనే కంపెనీ నడిపే కబుర్ల గదులు ఉండేవి. ఒక గదిలో 23 మందికన్నా ఎక్కువమంది పట్టరు. ఇరవై నాలుగోవాడు తలుపు తట్టినా లోపలికి రాలేడు. అలాంటి చట్టం ఏదైనా ఉందా? లేదు. అదేమైనా ఆచారమా? కాదు. డబ్బు ఎక్కువిస్తే రానిస్తారా? రానివ్వరు. ప్రోగ్రాం రాసినవాడు అలా రాశాడు. అంతే. కంపెనీ మీద కోపం వచ్చి వందమంది ఒకచోట చేరి మాట్లాడుకుందామంటే కుదరదు. ఊరేగింపు తియ్యాలంటే వీధే లేదు.

దీన్నే లెసిగ్ 1999లో కోడ్ అనే పుస్తకంలో వివరంగా రాశాడు. మనిషిని అదుపులో పెట్టేవి నాలుగు అన్నాడు. చట్టం ఒకటి, నలుగురి మర్యాద ఒకటి, ధర ఒకటి, నాలుగోది అమరిక. ఇందాక అమ్మమ్మ వంటింట్లో మనం చూసిన నాలుగూ ఇవే. అదే ఏడు హార్వర్డ్ లా రివ్యూలో ఆయన పెద్ద వ్యాసం కూడా ఒకటి అచ్చయింది. దాని పేరు ఏమిటో తెలుసా? గుర్రాల చట్టం. మూడేళ్ళ తర్వాత, జడ్జిగారి మాటనే శీర్షికగా పెట్టి, జడ్జిగారికి జవాబు చెప్పాడు. గుర్రం గురించి చదివితే గుర్రమే తెలుస్తుంది. నెట్ గురించి చదివితే, అమరిక మనల్ని ఎలా ఏలుతుందో తెలుస్తుంది. అందుకని చదవాలి అన్నాడు.

మన తెలుగులో దీనికి చక్కటి మాటలున్నాయి. కట్టినది కట్టడం. అదుపు చేసేది కట్టడి. రెండూ ఒకే ధాతువు. కట్టడమే కట్టడి. ఇంకోసారి చెప్తాను, ఇవాళ్టి ప్రసంగం అంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. కట్టడమే కట్టడి.

మన వీధిలో స్పీడ్ బ్రేకర్ చూడండి. ముప్పై దాటకూడదని బోర్డు పెడితే చూసేవాళ్ళు చూస్తారు. గుట్ట పోస్తే ఎవరైనా ఆగాల్సిందే. నడుం నొప్పి మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళే ఆటో కూడా ఆగాల్సిందే. బోర్డు ముందు పోలీసుకి సంగతి చెప్పుకోవచ్చు. గుట్టకి చెప్పుకోలేం.

లెసిగ్ భయం కూడా ఇక్కడే ఉంది. చట్టం అయితే గెజిట్‌లో పడుతుంది. సభలో చర్చ ఉంటుంది. పత్రికలో రాస్తారు. తప్పయితే కోర్టుకి వెళ్ళొచ్చు. అమరికకి ఇవేవీ లేవు. అది చట్టంలా పనిచేస్తుంది, చట్టంలా కనిపించదు. గాలిలా, వానలా, ఎప్పుడూ ఇలాగే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరో కట్టారన్న సంగతే మరిచిపోతాం.

ఈ ఆలోచన కాలేజీ గోడల మధ్యే ఉండిపోలేదు. బార్లోకి కోపం తెప్పించిన ఆ నిబంధనని 1997 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పులో జస్టిస్ సాండ్రా డే ఓకానర్ విడిగా ఒక అభిప్రాయం రాసింది. సైబర్‌స్పేస్ ఎలా కావాలంటే అలా వంగుతుంది, అందులో గోడలూ గేట్లూ కట్టడం సాధ్యమే అని గుర్తించింది. అక్కడ ఆమె ఉదహరించినవాటిలో లెసిగ్ వ్యాసం ఉంది.

తర్వాత 2000లో ఫ్రాన్సు. యాహూ అనే కంపెనీ నెట్‌లో నడిపే వేలంపాటల్లో నాజీల గుర్తులున్న వస్తువులు అమ్ముడుపోతున్నాయని పారిస్‌లో దావా పడింది. ఫ్రాన్సులో అది నేరం. మేం అమెరికాలో ఉన్నాం, ఎవరు ఏ దేశం నుంచి చూస్తున్నారో మాకెలా తెలుస్తుంది అంది యాహూ. సరిహద్దు లేదన్న పాత వాదమే. జడ్జి ముగ్గురు నిపుణుల్ని వేశాడు. అందులో ఇంటర్నెట్ నిర్మాతల్లో ఒకడైన వింట్ సెర్ఫ్ కూడా ఉన్నాడు. వాళ్ళు లెక్క తేల్చారు. ఫ్రాన్సు నుంచి వచ్చేవాళ్ళలో నూటికి సుమారు 70 మందిని కంప్యూటర్ అడ్రసుని బట్టే పోల్చుకోవచ్చు. పైగా మీరే దేశం అని అడిగితే 90 దాకా వెళ్ళొచ్చు. అంటే సరిహద్దు కట్టొచ్చు. సరిహద్దు కూడా ఒక ఉట్టే. ఆ నవంబరులో తీర్పు వచ్చింది. సరిహద్దు లేని లోకం అన్న కల అక్కడ చాలావరకు చెదిరింది.

ఆ తర్వాత ఈ చదువు వేగంగా పాకింది. 2000లో లెసిగ్ స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళి అక్కడో కేంద్రం పెట్టాడు. 2001లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. 2008లో మన బెంగళూరులో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ మొదలైంది.

ఈ చదువు తెలుగు గడప తొక్కిన సందర్భం కూడా ఒకటుంది. 1998లో అమెరికా కాపీరైట్ గడువుని ఇరవై ఏళ్ళు పొడిగించింది. పాత పుస్తకాల్ని నెట్‌లో ఉచితంగా పెడుతున్న ఎరిక్ ఎల్‌డ్రెడ్ దాని మీద కేసు వేశాడు. లెసిగ్ ఆయన తరఫున సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వాదించి, 2003 జనవరిలో ఓడిపోయాడు. ఏడుగురు అటు, ఇద్దరు ఇటు. చట్టం మార్చడం కుదరకపోతే కనీసం రాసినవాడే తన ఇష్టంతో తలుపు తెరిచిపెట్టేలా ఒక లైసెన్సు ఉండాలి అని, ఆ కేసు నడుస్తుండగానే మిత్రులతో కలిసి క్రియేటివ్ కామన్స్ మొదలుపెట్టాడు. 2003 డిసెంబరులో మన తెలుగు వికీపీడియా పుట్టింది. 2009 నుంచి వికీపీడియాలన్నీ ఆ లైసెన్సు కిందకి వచ్చాయి. మీ పిల్లలు స్కూలు ప్రాజెక్టు కోసం తెలుగు వికీపీడియా నుంచి దించుకునే వ్యాసం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ పేరు ఉంటుంది. ఈసారి చూడండి.

సరే, ఇదంతా తెలిస్తే మనకేం పని? నేను చెప్పే పని ఒక్కటే. ఫోను మిమ్మల్ని ఏదైనా చెయ్యనివ్వకపోయినా, ఏదైనా చేయించినా, ఒక ప్రశ్న వేసుకోండి. ఇది నాలుగిట్లో ఏది? చట్టమా, మర్యాదా, ధరా, ఉట్టా? ఉట్టి అయితే, కట్టింది ఎవరు?

డబ్బు కట్టేటప్పుడు ఓటీపీ అడుగుతుంది. విసుగు. బ్యాంకువాడి చాదస్తం అనుకుంటాం. కాదు. కార్డు ఎదురుగా చూపించకుండా జరిగే చెల్లింపులకి రెండో తాళం ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. చట్టం చెప్తే కట్టిన ఉట్టి అది. దొంగ పిల్లికి అందకుండా కట్టింది.

ఇంకోటి చూడండి. మొన్న నేను బస్సు టికెట్ కొంటున్నాను. సీటు ధర చూశాను. చివరికి వచ్చేసరికి పది రూపాయలు ఎక్కువైంది. ఏమిటా అని వెనక్కి వెళ్ళి చూస్తే, విరాళం అని ఒక చిన్న గడి. అందులో ముందే టిక్కు పెట్టి ఉంది. నేను పెట్టలేదు. ఎవరో పెట్టి ఉంచారు. ఇది ఏ చట్టం? ఏ చట్టమూ కాదు. ఇదీ ఉట్టే, కాకపోతే తలకిందుల ఉట్టి. పిల్లికి అందేలా, ఇంటివాళ్ళకి కనపడకుండా కట్టింది. మీకు తెలియకుండా బుట్టలో సరుకు వెయ్యడం అన్నమాట. ఇలాంటి 13 రకాల మాయలకి పేర్లు పెట్టి, 2023 నవంబరు 30న మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని నిషేధించింది. చట్టం ఇక్కడ ఉట్టి మీదికి చెయ్యి చాచింది. ఈస్టర్‌బ్రూక్‌గారు వింటే, ఇది పాత మోసమే కదా అంటారేమో. లెసిగ్ వింటే, ఆ మోసం ఎక్కడ దాక్కుందో చూడండి అంటారు. నాకు ఇద్దరూ కావాలి.

ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఒక చిన్న పని చెయ్యండి. ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. అక్కడ అనుమతులు అని ఉంటుంది. మీరు వాడే యాప్ ఏదైనా ఒక్కటి తియ్యండి. టార్చిలైటే అనుకోండి. అది మీ అడ్రసు పుస్తకం అడిగిందేమో చూడండి. దీపం వెలిగించడానికి మీ మేనమామ నంబరు దానికెందుకు? అక్కర్లేదనిపిస్తే తీసెయ్యండి. ఎలా తియ్యాలో తెలియకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి. మా అమ్మమ్మ ఉట్టి కింద ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కింది కూడా మేమే కదా.